తొడల మీద ఊదా గీతలు, ఓర్వలేని నొప్పి: డయాలిసిస్ మీద ఉన్న మా అత్తగారికి ఇది కాల్సిఫైలాక్సిసేనా?

ప్రశ్న: మా అత్తగారికి 61 ఏళ్లు. షుగర్ ఎప్పటినుంచో ఉంది. ఆరేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించుకుంటున్నారు. గుండె లయ తప్పుతోందని వార్ఫరిన్ కూడా వాడుతున్నారు. రెండు నెలల క్రితం రెండు తొడల్లోనూ లోపలివైపు భరించలేని నొప్పి అన్నారు. పైకి ఏమీ కనిపించలేదు. నరాల నొప్పి అనుకున్నాం, నిజం చెప్పాలంటే ఎక్కువ చేసి చెబుతున్నారేమో అని కూడా ఇంట్లో అనుకున్నారు. తర్వాత అక్కడ చర్మం గట్టిపడి, ఊదా రంగు గీతలు వలలా వచ్చాయి. ఇన్ఫెక్షన్ అని రెండు కోర్సులు యాంటీబయాటిక్స్ ఇచ్చారు, తగ్గలేదు. ఇప్పుడు ఎడమ తొడ మీద ఒకచోట నల్లగా పెచ్చు కట్టింది. దుప్పటి తగిలినా కేక పెడుతున్నారు. డయాలిసిస్ దగ్గర ఒక డాక్టరు గారు చూసి కాల్సిఫైలాక్సిస్ కావచ్చు అన్నారు. రక్తంలో కాల్షియం నార్మల్‌గానే ఉంది, మరి అదెలా వస్తుంది? ముక్క తీసి పరీక్షకు పంపాలంటే భయంగా ఉంది. కాలు తీసేయాల్సి వస్తుందా? ఆవిడ బతుకుతారా? (ఒక కోడలు)

సమాధానం:

అమ్మా, ఉత్తరం చదివి జబ్బు పేరు ఖాయం చేయకూడదు, నేనూ చేయను. కానీ షుగర్, ఏళ్ల తరబడి డయాలిసిస్, వార్ఫరిన్, కొవ్వు ఎక్కువగా ఉండే తొడల దగ్గర ముందు నొప్పి, ఆ తర్వాత గట్టిదనం, ఊదా గీతలు, ఇప్పుడు నల్ల పెచ్చు... ఈ వరస చూస్తే మీ డాక్టరు గారికి వచ్చిన అనుమానమే ఏ కిడ్నీ డాక్టరుకైనా ముందు వస్తుంది. అందుకని నెలవారీ చెకప్ దాకా ఆగకండి. ఈసారి డయాలిసిస్‌కి వెళ్లినప్పుడే రెండు తొడలూ నెఫ్రాలజిస్టుకి చూపించండి. ఫోన్‌లో ఫొటో చూపించి ఊరుకోవద్దు, డాక్టరు చేత్తో ముట్టుకుని చూడాలి. నాలుగు గంటలు దుప్పటి కప్పుకుని పడుకునే మనిషి తొడ మీద ఏం జరుగుతోందో యూనిట్‌లో ఎవరి కంటా పడదు, పెద్దావిడలు అక్కడ నొప్పి అని చెప్పడానికే మొహమాటపడతారు, ఇక చూపించమంటే సరేసరి. తెర వేయించండి, నర్సును తోడు ఉండమనండి, మీరు పక్కనే ఉండండి.

ఎక్కువ చేసి చెబుతున్నారేమో అని ఇంట్లో అనుకున్నట్టు రాశారు. మీ ఇంట్లో ఒక్కచోటే కాదు, చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది, ఆసుపత్రుల్లో కూడా జరుగుతుంది, అదే నాకు బాధ. ఈ జబ్బులో చాలామందికి నొప్పే ముందు వస్తుంది, చర్మం మీద ఏదైనా కనబడటానికి రోజులో వారాలో పట్టొచ్చు. కనిపించేది గోరంత, నొప్పి కొండంత. మంటలా, సలుపులా, సూదులతో పొడిచినట్టు ఉంటుందంటారు, మామూలు నొప్పి మాత్రలకు లొంగదు. రక్తం అందక చర్మమూ దాని కింది కొవ్వూ చచ్చిపోతున్నప్పుడు వచ్చే నొప్పి అది. కంటికి కనిపించేదానికీ మనిషి పడుతున్న బాధకూ పొంతన కుదరకపోవడమే ఈ జబ్బును పట్టించే మొదటి గుర్తు. డయాలిసిస్ మీద ఉన్న మనిషి పొట్ట మీదో, తొడల్లోనో, పిరుదుల దగ్గరో, రొమ్ము మీదో, పిక్కల్లోనో ఇలాంటి నొప్పి అంటే నమ్మి చర్మం చూడాలి, ఏమీ కనిపించకపోతే నాలుగు రోజులాగి మళ్లీ చూడాలి. ముందు ఇంట్లో అందరూ ఆవిడ దగ్గర కూర్చుని, నీ నొప్పి నిజమేనని మాకు అర్థమైంది అని ఒక్కమాట చెప్పండి. రెండు నెలలుగా ఆవిడ ఆ బాధను ఒంటరిగా మోస్తున్నారు.

ఇక లోపల ఏం జరుగుతోందో చెబుతాను. చర్మానికీ దాని కింది కొవ్వుకూ రక్తం అందించే సన్నటి ధమనులుంటాయి. వాటి గోడల్లో కాల్షియం పేరుకుని, పైపులో గార కట్టినట్టు దారి ఇరుకైపోతుంది. లోపలి పొర కూడా మందమవుతుంది. ఆఖరికి ఆ ఇరుకులో రక్తం గడ్డకట్టి పూర్తిగా మూసుకుపోతుంది. దాని మీద ఆధారపడిన చర్మం ముక్కకు ఇక రక్తం రాదు. మొదట వలలా ఊదా గీతలు, తర్వాత వేలితో నొక్కితే చెక్క ముక్కలా గట్టిగా తగిలే బిళ్ల, తర్వాత పుండు, నల్ల పెచ్చు. నేను చూసేటప్పుడు మచ్చ మీద కాకుండా దాని అంచు దాటి రెండు మూడు వేళ్ల దూరంలో మెల్లగా నొక్కుతాను. పైకి బాగానే కనిపించే చర్మం కింద కూడా ఆ గట్టిదనం తగులుతుంది, అక్కడ వేలు పడగానే మనిషి ముడుచుకుపోతారు. అంటే జబ్బు కనబడుతున్న మచ్చ కన్నా పెద్దదన్నమాట. పాదం దగ్గర నాడి మాత్రం చాలామందిలో బాగానే కొట్టుకుంటుంది, ఎందుకంటే పెద్ద రక్తనాళాలు మూసుకుపోవడం వల్ల వచ్చింది కాదిది.

కాల్షియం నార్మల్ కదా అన్నారు. ఈ జబ్బు బయటపడే నాటికి చాలామందిలో కాల్షియం, ఫాస్ఫరస్ పెద్ద తేడా లేకుండానే ఉంటాయి. రక్త పరీక్షలో తెలిసేది ఆ రోజు రక్తంలో ఎంత ఉందన్నదే, ఏళ్ల తరబడి ధమని గోడలో ఎంత చేరిందో దానికి తెలియదు. పైగా రక్తనాళాల గోడల్లో కాల్షియం చేరకుండా కాపలా కాసే ప్రోటీన్లు కొన్ని మన ఒంట్లోనే ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది మాట్రిక్స్ గ్లా ప్రోటీన్. అది పనిచేయాలంటే విటమిన్ కె కావాలి. వార్ఫరిన్ చేసే పనే విటమిన్ కె ని అడ్డుకోవడం. రక్తం గడ్డకట్టకుండా ఆపేందుకు ఇచ్చిన మందే ఈ కాపలాను కూడా పడుకోబెడుతుంది. అందుకే డయాలిసిస్ మీద ఉన్నవాళ్లలో వార్ఫరిన్‌ని ఈ జబ్బుకి పెద్ద కారణాల్లో ఒకటిగా చూస్తారు. ఆడవాళ్లలో, లావుగా ఉన్నవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువగా ఉన్నవాళ్లలో, ఎక్కువ ఏళ్లుగా డయాలిసిస్ మీద ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. అరుదైన జబ్బే, కానీ మీ అత్తగారిలో దానికి దారితీసేవి ఒకటి కాదు, చాలా ఉన్నాయి. (డయాలిసిస్ దాకా రాని కిడ్నీ రోగులకీ, పొట్ట ద్వారా డయాలిసిస్ చేసుకునేవాళ్లకీ, కిడ్నీ మార్పిడి అయినవాళ్లకీ, అసలు కిడ్నీలు బాగున్నవాళ్లకి కూడా అప్పుడప్పుడు వస్తుంది, కాబట్టి ఇది చదివే మిగతావాళ్లు మాకు సంబంధం లేదనుకోవద్దు.)

ఇది చదివి ఈ రాత్రే వార్ఫరిన్ ఆపేయకండి. గుండె లయ తప్పినవాళ్లకు ఆ మందు పక్షవాతం రాకుండా ఇస్తారు, ఉన్నట్టుండి మానేస్తే ఆ ముప్పు మీద పడుతుంది. గుండె డాక్టరూ కిడ్నీ డాక్టరూ ఒకరితో ఒకరు ఫోన్‌లోనైనా మాట్లాడుకుని తేల్చాల్సిన విషయం ఇది, అదీ వారాల్లో కాదు, ఒకటి రెండు రోజుల్లో. కాల్సిఫైలాక్సిస్ అనుమానం గట్టిగా ఉంటే సాధారణంగా వార్ఫరిన్ మాన్పించి, రక్తం గడ్డకట్టకుండా చూసే అపిక్సబాన్ లాంటి కొత్త మాత్రకి మారుస్తారు. లోహపు వాల్వు పెట్టించుకున్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకు ఆ కొత్త మాత్రలు పనికిరావు. మీ ఉత్తరంలో వాల్వు మాట లేదు కాబట్టి ఆ చిక్కు ఉండకపోవచ్చు, అయినా అడిగి తెలుసుకోండి.

మందుల సంచి మొత్తం తీసుకెళ్లండి. చీటీలో ఉన్నవే కాదు, మోకాళ్ల నొప్పులకని ఇంకెవరో రాసిచ్చిన కాల్షియం మాత్రలు, ఎముకల బలానికని కొన్న విటమిన్ డి పొడి, అన్నీ. కాల్షియం మాత్రలు ఆపాలి. ఫాస్ఫరస్ తగ్గించడానికి ఇచ్చేది కాల్షియం ఉన్న మందైతే సెవెలమర్ లేదా లాంథనమ్ లాంటి కాల్షియం లేనిదానికి మారుస్తారు. కాల్సిట్రియాల్, ఆల్ఫాకాల్సిడాల్ లాంటి విటమిన్ డి మందులు అవసరమా అని మళ్లీ ఆలోచిస్తారు. ఇంకో సంగతి, ఆవిడకు ఇన్సులిన్ తొడకి ఇస్తున్నారా? ఇస్తుంటే ఆ చోట వద్దని చెప్పండి. జబ్బు తగిలిన కొవ్వులో సూది గుచ్చడం, గీరుకోవడం, దెబ్బ తగలడం కొత్త పుండుకి దారి తీయొచ్చు. ఇన్సులిన్ మానకూడదు, చోటు మార్చాలి, ఎక్కడ ఇవ్వాలో డాక్టరుని చూపించమనండి.

రెండు కోర్సుల యాంటీబయాటిక్స్ ఎందుకు పనిచేయలేదన్నది మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. చర్మం కింద ఇన్ఫెక్షన్ అయితే మామూలుగా ఒక కాలికే వస్తుంది, ఎర్రగా, వేడిగా ఉంటుంది, సరైన మందు పడితే కొద్దిరోజుల్లో వెనక్కి తగ్గుతుంది. రెండు తొడల్లోనూ ఒకేసారి రావడం, రంగు ఊదాగా ఉండటం, మందుకి కదలకపోవడం ఇవన్నీ వేరే దారి చూపిస్తున్నాయి. అలాగని మొదట చూసిన డాక్టరు మీద కోపం పెంచుకోకండి, తొలి రోజుల్లో ఇది అచ్చం అలాగే కనిపిస్తుంది. ఈలోగా పెచ్చు చుట్టూ నిజంగానే ఇన్ఫెక్షన్ చేరితే అప్పుడు యాంటీబయాటిక్ అవసరమే.

ముక్క తీయడం గురించి మీ భయం ఉత్తి భయం కాదు. రక్తం సరిగా అందని చర్మాన్ని కోస్తే ఆ గాయం మానకపోవచ్చు, అదే పెద్ద పుండు కావచ్చు, ఇన్ఫెక్షన్ చేరొచ్చు. పైగా చిన్న ముక్కలో జబ్బున్న ధమని దొరక్కపోతే రిపోర్టు ఏమీ లేదనే వస్తుంది, అలా వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. డయాలిసిస్ రోగిలో లక్షణాలు ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు బయాప్సీ లేకుండానే చికిత్స మొదలుపెట్టేయాలన్నది నా అభిప్రాయం, చాలామంది నెఫ్రాలజిస్టులు చేసేదీ అదే. కానీ రక్తనాళాల వాపు జబ్బేమో అన్న సందేహం గట్టిగా ఉంటే మాత్రం ముక్క తీయక తప్పదు, ఎందుకంటే దానికి స్టెరాయిడ్లు ఇస్తారు, కాల్సిఫైలాక్సిస్‌లో స్టెరాయిడ్లు చేటు చేసే ప్రమాదం ఉంది. తీస్తే అనుభవమున్న చర్మవైద్యుడు తీయాలి, నల్లబడిన నడిమి భాగం నుంచి కాకుండా అంచు నుంచి, కింది కొవ్వు దాకా అందేలా తీయాలి. ఈ రెండు మాటలూ మీరే వాళ్లని అడగొచ్చు, ఏమీ అనుకోరు. ఎక్స్‌రేలో చర్మం కింద సన్నటి వలలా కాల్షియం కనిపిస్తే అదొక ఆధారం అవుతుంది, కనిపించకపోతే మాత్రం ఏమీ తేలినట్టు కాదు. ఈ జబ్బుని ఖాయం చేసే రక్త పరీక్ష లేదు.

చికిత్స విషయంలో ఉన్నదున్నట్టు చెబుతాను. ఇది వేస్తే తగ్గిపోతుంది అని చెప్పగల మందు ఇంకా లేదు. ఎక్కువగా వాడేది సోడియం థయోసల్ఫేట్, సయనైడ్ విషానికి విరుగుడుగా వాడుతూ వచ్చిన మందు. డయాలిసిస్ ఆఖరి అరగంట, గంటలో నరం ద్వారా ఎక్కిస్తారు, సాధారణంగా ప్రతిసారీ 25 గ్రాములు, సన్నగా ఉన్నవాళ్లకు అందులో సగం. నెలల తరబడి ఇవ్వాల్సి రావొచ్చు. వికారం, వాంతులు మామూలు, ముందే వాంతుల మందు ఇచ్చి నెమ్మదిగా ఎక్కిస్తే చాలామంది తట్టుకుంటారు. బీపీ పడిపోవచ్చు, రక్తంలో ఆమ్లం పెరగొచ్చు, అందుకే మధ్యమధ్యలో పరీక్షలు చేస్తారు. దీనితో నొప్పి తగ్గి పుండ్లు మానినవాళ్లు చాలామంది ఉన్నారు. అయితే ఇవ్వని వాళ్లతో పోల్చి, ఇది నిజంగా ప్రాణం నిలబెడుతుందని గట్టిగా రుజువు చేసిన ట్రయల్ లేదు. నేనైతే ఇవ్వమనే అంటాను, ఇలాంటి జబ్బులో చేతిలో ఉన్నదాన్ని వదులుకోలేం. కానీ దాని మీదే భారం వేసి మిగతావి వదిలేయడానికి మాత్రం ఒప్పుకోను.

ఎందుకంటే మిగతావే సగం పని చేస్తాయి. ఎస్ఎన్ఎఫ్472 అనే కొత్త మందుని 71 మంది కాల్సిఫైలాక్సిస్ రోగుల మీద పరీక్షించారు. పుండు మానడంలో గానీ నొప్పి తగ్గడంలో గానీ ఉత్త సెలైన్‌లాంటి ప్లాసిబో కన్నా అది మెరుగని తేలలేదు. కానీ ఆ ట్రయల్లో ప్లాసిబో పడినవాళ్ల పుండ్లు కూడా మెరుగయ్యాయి. వాళ్లందరికీ పుండు సంరక్షణ, నొప్పి మందులు, క్రమం తప్పని పర్యవేక్షణ అందాయి మరి. కుటుంబాలకు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను.

పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) ఎంతుందో అడగండి, మీరు కాల్షియం గురించే రాశారు. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఎక్కువ పనిచేస్తుంటే సినకాల్సెట్ ఇస్తారు. పీటీహెచ్ పెరిగిన 3883 మంది డయాలిసిస్ రోగుల మీద జరిగిన ఎవాల్వ్ ట్రయల్‌లో సినకాల్సెట్ తీసుకున్నవాళ్లలో 6 మందికి, తీసుకోనివాళ్లలో 18 మందికి కాల్సిఫైలాక్సిస్ వచ్చింది. మందుకి లొంగకుండా పీటీహెచ్ బాగా ఎక్కువగా ఉండిపోతే ఆ గ్రంథుల ఆపరేషన్ ఆలోచిస్తారు. తక్కువగా ఉన్నవాళ్లకి ఈ రెండూ అక్కర్లేదు, మరీ అణగ్గొట్టినా ఎముక కాల్షియం తీసుకోవడం మానేస్తుంది. ఫాస్ఫరస్ అదుపులో ఉండాలి. డయాలిసిస్ ఒక్కటి కూడా మానకూడదు, నొప్పిగా ఉందని గంట ముందే దింపేయమనకూడదు. అంతసేపు కూర్చోలేకపోతున్నారంటే నొప్పి మందు చాలట్లేదని అర్థం, అది సరిచేయించండి.

పుండు దగ్గర మీ చేతి పనే ఎక్కువ. పెచ్చు పొడిగా, గట్టిగా అతుక్కుని ఉంటే పీకకండి, నానబెట్టి తీయకండి, ప్రస్తుతానికి అదే కట్టు అనుకోండి. తడిగా అవుతుంటే, కింద మెత్తగా ఊగుతుంటే, వాసన వస్తుంటే చచ్చిన భాగాన్ని తీయాల్సి రావొచ్చు, అది ఆసుపత్రిలో, తగిన నొప్పి మందు ఇచ్చి, కొంచెం కొంచెంగా చేయాలి. చర్మానికి అంటుకోని డ్రెస్సింగే వాడమనండి. పొడి గాజుగుడ్డ వేస్తే అది పుండుకి అతుక్కుపోతుంది, మర్నాడు లాగేటప్పుడు ఆవిడకు నరకమే, వచ్చిన కొత్త కండ కూడా దానితో ఊడిపోతుంది. అతుక్కుంటే సెలైన్‌తో బాగా తడిపి, కొంచెంసేపు ఆగి, మెల్లగా పక్కకి తీయండి. డ్రెస్సింగ్‌కి ముందే నొప్పి మందు పడాలి, ఎంత ముందు అన్నది ఏ మందు ఇచ్చారన్నదాన్ని బట్టి డాక్టరు చెబుతారు. ఆకులు, పసర్లు, పొడులు ఏవీ వేయవద్దు. మాంసకృత్తులు చాలినన్ని అందుతున్నాయో లేదో డైటీషియన్‌తో మాట్లాడండి, ఆల్బుమిన్ తక్కువగా ఉంటే ఏ పుండూ మానదు. కొన్నిచోట్ల హైపర్‌బారిక్ ఆక్సిజన్ (గాలి ఒత్తిడి పెంచిన గదిలో ఆక్సిజన్) ఇస్తారు, కొందరికి ఉపయోగపడింది, అందుబాటులో ఉంటే అడగండి.

నొప్పి మందుల్లో ఒక జాగ్రత్త. కిడ్నీలు పనిచేయనివాళ్లలో మార్ఫిన్, కొడీన్ విరిగి తయారయ్యే పదార్థాలు బయటికి పోక ఒంట్లో పేరుకుపోతాయి, మగతలోకి పోవడం, ఒళ్లు ఉలిక్కిపడటం, ఊపిరి మందగించడం జరగొచ్చు. ఫెంటానిల్, బుప్రెనార్ఫిన్, మెథడోన్ లాంటివి నిపుణుల చేతిలో మెరుగు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ ఇస్తే చాలా తక్కువ మోతాదులో ఇవ్వాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు వద్దు. పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) వాళ్లని ఇప్పుడే పిలిపించండి. ఆ మాట వినగానే ఇక ఆశ లేదన్నట్టు చాలామంది ఏడుస్తారు, దయచేసి అలా అనుకోవద్దు. ఈ స్థాయి నొప్పిని అదుపు చేయడం వాళ్లకు వచ్చినంత బాగా మా కిడ్నీ డాక్టర్లకు రాదు. నొప్పి తగ్గితే నిద్ర పడుతుంది, తింటారు, డయాలిసిస్ పూర్తిగా చేయించుకుంటారు, డ్రెస్సింగ్ చేయనిస్తారు.

కాలు తీసేస్తారా అంటే, తొడ మీది పుండుకి కాలు తీయడం పరిష్కారం కాదు. జబ్బు కాలి చివర లేదు, చర్మం కింది కొవ్వులో ఉంది, కోసినచోట మళ్లీ మానని గాయమే మిగలొచ్చు. వేళ్లు, పాదం కుళ్లి ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకే పరిస్థితి వస్తేనే ఆ మాట వస్తుంది.

బతుకుతారా అని అడిగారు. ఇది ప్రాణం మీదికి తెచ్చే జబ్బే అమ్మా, దాచి లాభం లేదు. మొత్తం మీద చూస్తే ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఇంచుమించు సగం మంది ఏడాదిలోపే పోతున్నారు. పొట్ట, తొడల మీద వచ్చినవాళ్లకి పిక్కల మీద వచ్చినవాళ్ల కన్నా ముప్పు ఎక్కువ. పుండు పడినవాళ్లకి, పడనివాళ్ల కన్నా ఎక్కువ. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో పుండు పడకముందు గుర్తించినవాళ్లలో ఆరు నెలల్లో 33 శాతం మంది చనిపోతే, పుండు పడ్డాక 80 శాతం పైగా చనిపోయారు. అది పాత లెక్క, ఇవాళ పరిస్థితి కొంత మెరుగైంది, అయినా ఒక విషయం అందులో స్పష్టంగా ఉంది: ఎంత ముందు పట్టుకుంటే అంత మేలు. మీ అత్తగారికి ఇప్పటికి పెచ్చు ఒక్కచోటే ఉంది. కోలుకుని, నెలల తర్వాత పుండ్లు పూర్తిగా మూసుకుని, మామూలుగా డయాలిసిస్‌కి వచ్చిపోతున్నవాళ్లని నేను చూశాను. ఆవిడకు ఎంతవరకు చెప్పాలన్నది మీరంతా చాటుగా తేల్చేయకండి. ఆవిడకేం తెలుసుకోవాలని ఉందో, దేనికి సిద్ధమో, దేనికి కాదో ఆవిడనే అడగండి. ఒళ్లు ఆవిడది.

ఈ జబ్బులో ఎక్కువమంది పోయేది పుండు ద్వారా ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి. కాబట్టి చలితో జ్వరం వచ్చినా, పుండు నుంచి చీము గానీ దుర్వాసన గానీ వచ్చినా, మాట తడబడి మనిషి గందరగోళంగా మాట్లాడినా, బీపీ ఎప్పుడూ లేనంత పడిపోయినా, రాత్రి ఏ వేళైనా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. డయాలిసిస్ రోగుల్లో ఇన్ఫెక్షన్ ముదిరినా జ్వరం పెద్దగా రాకపోవచ్చు, థర్మామీటర్ చూసి ధైర్యం తెచ్చుకోకండి. అక్కడ డ్యూటీలో ఉన్నవాళ్లకి ఈ జబ్బు పేరు తెలియకపోతే కంగారుపడొద్దు. డయాలిసిస్ రోగి అని, కాల్సిఫైలాక్సిస్ అనుమానం ఉందని, వాడుతున్న మందుల పేర్లు, మీ నెఫ్రాలజిస్టు ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి ఇప్పటినుంచే మందుల సంచిలో పెట్టుకోండి.